శాంటోరిని వైన్: సీసా మీద పేరు, ద్వీపం మీద మట్టి

ఏజియన్ సముద్రంలోని శాంటోరిని ద్వీపాన్ని చూసి వచ్చేవారిలో చాలామంది తిరుగు ప్రయాణంలో ఒక వైన్ సీసా వెంట తెచ్చుకుంటారు. సీసా మీద తెల్లని గోడలు, నీలి గుమ్మటాల బొమ్మ ఉంటుంది. దుకాణదారు ‘ఇది ఇక్కడిదే’ అంటాడు. ఆ మాట అబద్ధం కాకపోవచ్చు. అయితే ‘ఇక్కడిది’ అన్న ఆ ఒక్క పదానికి ఆ ద్వీపంలో చాలా అర్థాలున్నాయి. ద్రాక్ష అక్కడి మట్టిలో పండిందని ఒక అర్థం. ద్రాక్ష రకం మాత్రమే అక్కడిదనీ, పంట వేరెక్కడిదో అనీ మరొకటి. పొరుగు ద్వీపాల పంట అని ఇంకొకటి. కొన్ని సందర్భాల్లో బొమ్మ ఒక్కటే అక్కడిది.

ఈ తేడా రుచికి మాత్రమే సంబంధించింది కాదు. శాంటోరినిలో ద్రాక్ష సాగు చేసే నేల ఏటికేడు తగ్గుతోంది. అసలు పంటకు తగిన ధర చెల్లించే కొనుగోలుదారు లేకపోతే, ఆ తోటల స్థానంలో విడిది గృహాలు లేవడానికి ఎంతో కాలం పట్టదు. మంచి స్థానిక వైన్‌ను గుర్తించడం ఎలా అన్న ప్రశ్నకు అక్కడ ఇంత ప్రాముఖ్యం రావడానికి కారణం ఇదే.

బూడిద నేలలో బుట్టల తోట

థీరా అన్నది ఈ ద్వీపానికి అధికారిక నామం. విస్తీర్ణం సుమారు 76 చదరపు కిలోమీటర్లు. దాదాపు 3,600 ఏళ్ల కిందట ఇక్కడ సంభవించిన అగ్నిపర్వత విస్ఫోటనం ద్వీపం నడిభాగాన్ని సముద్రంలో కలిపేసింది. మిగిలిన నెలవంక ఆకారపు నేలను బూడిద, తేలికైన నురుగురాయి, లావా పొరలు కప్పేశాయి. ఆ బూడిద కింద నిద్రపోయిన అక్రోతిరి పట్టణాన్ని పురావస్తు శాస్త్రవేత్త స్పిరిడాన్ మారినాటోస్ 1967లో తవ్వడం మొదలుపెట్టారు.

ఆ విపత్తు మిగిల్చిన మట్టిని స్థానికులు ‘అస్పా’ అంటారు. అందులో బంకమట్టి పాలు దాదాపు లేదు. సేంద్రియ పదార్థమూ అత్యల్పం. మామూలు లెక్కన అది సేద్యానికి పనికిరాని నేల. కానీ ఆ లోపమే ద్రాక్షతీగకు రక్షాకవచమైంది. పంతొమ్మిదో శతాబ్ది ద్వితీయార్ధంలో యూరప్ ద్రాక్షతోటలను తుడిచిపెట్టిన ఫైలాక్సెరా అనే వేరుపురుగు ఈ ఇసుక బూడిదలో బతకలేదు. యూరప్‌లో చాలాచోట్ల నేటికీ ఆ పురుగును తట్టుకునే అమెరికా జాతి వేరు మీద స్థానిక ద్రాక్షను అంటుకట్టి పెంచుతారు. శాంటోరినిలో ఆ అవసరం రాలేదు. అక్కడ తీగ తన సొంత వేరు మీదే నిలబడి ఉంటుంది.

తోటను తొలిసారి చూసినవారు దాన్ని తోట అని గుర్తుపట్టడమే కష్టం. మన ప్రాంతంలో ద్రాక్ష అంటే రాతి స్తంభాలు, ఇనుప తీగలు, తల మీద పచ్చని పందిరి. అక్కడ పందిరి లేదు, వరుసలూ లేవు. బూడిదరంగు నేల మీద అక్కడక్కడా పక్షిగూళ్లలాంటి గుండ్రని చుట్టలు కనిపిస్తాయి. ప్రతి శీతకాలం కత్తిరింపుల వేళ రైతు తీగ కొమ్మలను ఒకదానిలో ఒకటి చొప్పించి బుట్టలా అల్లుతాడు. ఈ అల్లికకు ‘కూలూరా’ అని పేరు. గుత్తులు బుట్ట లోపలి వైపున పెరుగుతాయి. వేసవిలో ఉత్తరం నుంచి వీచే ‘మెల్తేమి’ గాలి, అది మోసుకొచ్చే ఇసుక, నడినెత్తి ఎండ నేరుగా వాటిని తాకకుండా బుట్టే అడ్డు నిలుస్తుంది. వర్షం అక్కడ చాలా తక్కువ, వేసవిలో చినుకే పడదు. రాత్రివేళ సముద్రం మీది నుంచి వచ్చే తేమను నురుగురాయి పీల్చుకుంటుంది. తీగకు అందే నీటిలో దాని పాత్ర చిన్నది కాదు.

ఇలా అల్లిన తీగ డెబ్భై ఎనభై ఏళ్లకు అలసిపోతుంది, కాపు తగ్గుతుంది. అప్పుడు రైతు దాన్ని పెరికివేయడు. మొదలు దగ్గర నరికి, పాత వేరు నుంచే కొత్త చిగురును రానిస్తాడు. ఒకే వేరు మీద ఇలా తరాల తరబడి తీగలు మారుతూ వస్తాయి. అందుకే ఇక్కడి వేర్లలో కొన్నింటి వయసు శతాబ్దాల్లో ఉంటుందని చెబుతారు. ఒకసారి బుల్డోజరు వెళ్లిన తర్వాత అటువంటి వేరును మళ్లీ నాటడం ఎవరి తరమూ కాదు.

లేబుల్ మీద ముందుగా చదవాల్సింది

ద్వీపంలోని తోటల్లో సింహభాగం అసిర్తికో అనే తెల్లద్రాక్షది. ఎంత ఎండలో పండినా పులుపును కోల్పోకపోవడం దీని విశేషం. అథీరి, ఐదాని అనే మరో రెండు తెల్ల రకాలు దీనికి తోడుగా ఉంటాయి. అథీరి మృదుత్వాన్ని, ఐదాని పూల పరిమళాన్ని ఇస్తాయని వైన్ తయారీదారులు అంటారు.

కొనేవారు తరచూ పొరపడేది ఇక్కడే. అసిర్తికో పుట్టిల్లు శాంటోరిని అయినా, ఇప్పుడది గ్రీస్ ప్రధాన భూభాగంలోనూ, క్రీట్‌లోనూ విస్తారంగా పండుతోంది. దక్షిణ ఆస్ట్రేలియాలోని క్లేర్ లోయలో కూడా దాన్ని నాటారు. కనుక సీసా మీద ‘అసిర్తికో’ అని ఎంత పెద్ద అక్షరాల్లో ఉన్నా, అది ద్రాక్ష రకాన్ని చెబుతుందే తప్ప ఊరిని చెప్పదు. బంగినపల్లి అంటు మొక్కను ఎక్కడ నాటినా కాసేది బంగినపల్లి మామిడే. బనగానపల్లె మట్టి మాత్రం ఆ కాయతో పాటు రాదు.

ఊరిని చెప్పేది మరో ముద్ర. ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం ‘రక్షిత మూలస్థాన నామం’ అనే హోదా ఉన్న వైన్‌కు ద్రాక్ష మొత్తం ఆ ప్రాంతంలోనే పండాలి. ఆంగ్ల లేబుళ్ల మీద దీన్ని పి.డి.ఓ. అనీ, గ్రీకు లేబుళ్ల మీద పి.ఓ.పి. అనీ సూచిస్తారు. గ్రీస్ ప్రభుత్వం శాంటోరిని వైన్‌కు మూలస్థాన గుర్తింపునిచ్చింది 1971లో. భారత్‌లో 1999 నాటి చట్టం కింద తిరుపతి లడ్డుకు, అరకు కాఫీకి లభించిన భౌగోళిక గుర్తింపు కూడా ఈ కోవలోనిదే. ‘శాంటోరిని’ అన్న పేరు, దాని పక్కనే ఈ హోదా, రెండూ కలిసి ఉన్న పొడి తెల్ల వైన్ అయితే అది ఆ ద్వీపపు మట్టిలో పండిందే. అందులో అసిర్తికోదే పెద్ద వాటా.

దీనికి ఒక మెట్టు కింద ‘రక్షిత భౌగోళిక సూచిక’ ఉంది. ఇది పి.జి.ఐ. పేరుతో కనిపిస్తుంది. ఇందులో కనీసం 85 శాతం ద్రాక్ష పేర్కొన్న ప్రాంతానిదై ఉండాలి. ‘సైక్లడీస్’ అని ఉంటే ఆ ద్వీప సమూహంలో ఏ ద్వీపానిదైనా కావచ్చు. పారోస్‌ది కావచ్చు, తీనోస్‌ది కావచ్చు. ‘ఏజియన్ సముద్రం’ అని ఉంటే పరిధి ఇంకా పెద్దది. వీటిలో చెడ్డవేమీ ఉండవని కాదు, అన్నీ తక్కువ రకమనీ కాదు. శాంటోరిని అనుకుని శాంటోరిని ధర ఇచ్చి కొనకూడదన్నదే విషయం. కేవలం ‘గ్రీస్ ఉత్పత్తి’ అని మాత్రమే ఉండి, మిగిలిన చోటంతా నీలి గుమ్మటాలతో నింపిన సీసాను మాత్రం జ్ఞాపికగా కొనుక్కోవడమే మేలు.

రాత్రి వైన్, ఎండ వైన్

మూలస్థాన గుర్తింపు పరిధిలోనే మరో రెండు పేర్లు కనిపిస్తాయి. రెండూ తెలుసుకోదగినవే.

మొదటిది నిక్తేరి. గ్రీకులో ‘నిక్తా’ అంటే రాత్రి. మన పంచాంగంలోని ‘నక్తం’ అన్న సంస్కృత పదానికీ దీనికీ మూలం ఒకటేనని భాషాశాస్త్రం చెబుతుంది. ఆగస్టు ఎండలో కోసిన ద్రాక్ష వేడికి పాడవకుండా, అదే రోజు రాత్రంతా మేలుకొని తొక్కి రసం తీసేవారు. పేరు అలా నిలిచింది. ఈనాటి నిబంధనల ప్రకారం దీన్ని ఓక్ కర్ర పీపాల్లో కనీసం మూడు నెలలు ఉంచాలి, ఆల్కహాలు 13.5 శాతానికి తగ్గకూడదు. మామూలు శాంటోరిని కంటే ఇది బరువైన వైన్. భోజనం ముందు సరదాగా సేవించడానికి కాక, కాల్చిన చేపతోనో మాంసంతోనో తీసుకోవడానికి తగినది.

రెండోది విన్‌సాంటో. ఇది తీపి వైన్. పండిన ద్రాక్షను రెండు వారాల వరకు ఎండలో పరచి వడలనిస్తారు. నీరు ఇంకిపోయి చక్కెర చిక్కబడుతుంది. ఆ తర్వాత తీసిన రసం నెమ్మదిగా పులిసి, ఓక్ పీపాల్లో కనీసం రెండేళ్లు నిలవ ఉంటుంది. కొందరు ఉత్పత్తిదారులు పదేళ్లకు మించి కూడా ఉంచుతారు. రంగు ముదురు తేనె నుంచి దాదాపు కాఫీ వరకు వెళుతుంది. రుచిలో ఎండుద్రాక్ష, అంజీరు, పాత బెల్లం గుర్తుకొస్తాయి. తీపి ఎంత ఉన్నా మొహం మొత్తదు. అసిర్తికో పులుపు దాన్ని నిలబెడుతుంది. వెనీషియన్ల కాలం నుంచి ఓడలెక్కిన సరుకు ఇది. పంతొమ్మిదో శతాబ్దంలో రష్యా దీనికి పెద్ద మార్కెట్, అక్కడి సనాతన క్రైస్తవ చర్చిల ఆరాధనలోనూ దీన్ని వాడేవారు. ఇటలీలో ‘విన్ సాంటో’ అని రెండు మాటలుగా రాసే తీపి వైన్ వేరు. పేరు వినగానే రెండూ ఒకటే అనిపిస్తుంది, కానీ ద్రాక్షలు వేరు, పద్ధతి వేరు. శాంటోరిని వారి పేరు ‘శాంటోరిని వైన్’ అన్న అర్థమున్న ఇటాలియన్ మాటల కుదింపు అని ద్వీపవాసుల వాదన.

విన్‌సాంటో సాధారణంగా చిన్న సీసాల్లో వస్తుంది, ధర మాత్రం పెద్ద సీసా కంటే ఎక్కువ. ఎన్ని ద్రాక్షలు ఎండితే ఆ చిన్న సీసా నిండుతుందో తలచుకుంటే అది అన్యాయమనిపించదు.

హోదా చాలని ఎరుపు

లేబుల్ మీది హోదానే ఆఖరి మాట అనుకుంటే ఒక మంచి వైన్ చేజారుతుంది. శాంటోరిని మూలస్థాన గుర్తింపు పొడి ఎరుపు వైన్లకు వర్తించదు. ద్వీపంలోనే పండి, ద్వీపంలోనే తయారైన ఎరుపు వైన్ కూడా ‘సైక్లడీస్’ సూచికతోనే బజారుకు రావాల్సి ఉంటుంది. మావ్రోత్రాగానో అనే నల్లద్రాక్ష కథ ఇందుకు ఉదాహరణ. గత శతాబ్దం చివరినాటికి ఈ రకం కనుమరుగయ్యే దశకు చేరింది. తోటల్లో అక్కడక్కడా మిగిలిన తీగల నుంచి దాన్ని మళ్లీ పెంచి, పొడి వైన్‌గా నిలబెట్టిన వారిలో ప్యారిస్ సిగాలాస్ ముఖ్యులు. ఆయన గణితం చదివి వైన్ తయారీలోకి వచ్చినవారు. చిక్కని రంగు, గట్టి వగరు ఉన్న ఈ వైన్ ఇప్పటికీ కొద్ది పరిమాణంలోనే తయారవుతుంది. ఇటువంటప్పుడు సూచిక కంటే ఉత్పత్తిదారు చిరునామా ముఖ్యం. సీసా వెనుక చిన్న అక్షరాల్లో ఏ గ్రామంలో తయారై సీసాలో నింపారో రాసి ఉంటుంది. మెగలోహోరి, పిర్గోస్, ఎక్సో గోనియా వంటి ఊరిపేరు కనిపిస్తే అది ద్వీపపు సరుకే అనడానికి కొంత ఆధారం.

కూజాలో వచ్చేది, ధర చెప్పేది

భోజనశాలల్లో కూజాతో తెచ్చిపెట్టే ‘ఇంటి వైన్’ సంగతి వేరు. దానికి లేబుల్ ఉండదు కనుక నిరూపణ కూడా ఉండదు. ద్వీపంలో కొన్ని కుటుంబాలు నేటికీ ‘కానవా’ అనే, నురుగురాయి కొండను తొలిచి కట్టిన నేలమాళిగల్లో తమ ఇంటి మటుకు వైన్ చేసుకుంటాయి. అది మోటుగా, ఘాటుగా ఉంటుంది; దొరికితే ఒక గ్లాసు రుచి చూడదగినదే. కానీ రోజుకు వందల మంది వచ్చిపోయే హోటల్లో చవకగా వచ్చే కూజా ఆ కానవా నుంచే వచ్చిందని నమ్మడానికి ఆధారం లేదు.

లెక్క వేసి చూస్తే ఈ సంగతి మరింత తేటపడుతుంది. ఇటీవలి సంవత్సరాల్లో శాంటోరిని ద్రాక్ష ధర కిలో అయిదు యూరోలు దాటింది. గ్రీస్‌లోకెల్లా అత్యంత ఖరీదైన ద్రాక్షల్లో ఇది ఒకటి. ఒక మామూలు సీసా నిండడానికి కిలోకు పైగా ద్రాక్ష కావాలి. అంటే తయారీ, పీపా, సీసా, పన్ను, దుకాణం లాభం ఏదీ కలపకముందే ఒక్కో సీసాలో అయిదారు యూరోల పండు ఉంది. ఎనిమిది యూరోలకు ‘అసలైన శాంటోరిని’ అని ఎవరైనా ఇస్తున్నారంటే, ఆ లెక్క ఎక్కడ కుదిరిందో అడగాల్సిందే.

ఎక్కువ ధర ఉన్నంత మాత్రాన మంచిదనీ కాదు. అగ్నిపర్వత బిలం అంచున, సూర్యాస్తమయానికి ఎదురుగా వేసిన బల్ల దగ్గర ఒక గ్లాసుకు చెల్లించే మొత్తంలో సగం ఆ దృశ్యానికే. అదే వైన్ ద్వీపం లోపలి గ్రామాల్లోని తయారీ కేంద్రాల్లో తక్కువకు దొరుకుతుంది. నాలుగైదు రకాలు కొద్దికొద్దిగా రుచి చూపించి, తేడా వివరించే ఏర్పాటు కూడా చాలాచోట్ల ఉంటుంది. కొనే ముందు రుచి చూడగలగడం ఇక్కడ నిజంగా అవసరం. శాంటోరిని తెల్ల వైన్ అందరికీ తొలి గుటకలోనే నచ్చేది కాదు. పండ్ల రసాన్ని ఊహించుకున్నవారికి నిమ్మతొక్క, ఉప్పుగాలి, రాయి మీద రాయి కొట్టినప్పుడు వచ్చే వాసన ఎదురవుతాయి. కొత్త పంట కంటే రెండు మూడేళ్లు సీసాలో ఆగిన వైన్ సౌమ్యంగా ఉంటుంది. మంచిది అయితే పదేళ్లు కూడా నిలుస్తుంది. కనుక దుకాణంలో కొంచెం పాత సంవత్సరం సీసా కనిపిస్తే అమ్ముడుపోని సరుకని తోసేయనక్కరలేదు, ఎండ తగలని చల్లని చోట ఉంచారా లేదా అన్నది మాత్రం చూసుకోవాలి.

‘వైన్ షాపు’ బోర్డు కింద అసలు వైన్ తప్ప మిగతావన్నీ ప్రముఖంగా దొరికే తెలుగు నేల నుంచి వెళ్లినవారికి ఈ పరిశీలన అంతా కొంత అతిగా అనిపించవచ్చు. పక్కన ఏం తినాలో కూడా అక్కడివారు ముందే నిర్ణయించుకుంటారు. ద్వీపపు చిన్న టమాటాలు, తెల్ల వంకాయ, ‘ఫావా’ అనే పసుపు పప్పు ముద్ద ఈ పులుపు వైన్‌కు జోడీలు. ఆ ఫావా పప్పు మన లంకపప్పుకు దగ్గరి చుట్టం.

తోట నిలుస్తుందా?

ద్వీపంలో ఇప్పుడు ద్రాక్ష సాగు దాదాపు వెయ్యి హెక్టార్లు. ఒకప్పుడు ఇంతకు కొన్ని రెట్లు ఉండేది. 1956 జులైలో వచ్చిన పెను భూకంపం తర్వాత ఎన్నో కుటుంబాలు ద్వీపం విడిచి వెళ్లాయి, తోటలు బీడుపడ్డాయి. ఆ తర్వాత వచ్చిన పర్యాటకం మిగిలిన నేలకు కొత్త ధర కట్టింది. ఇప్పుడు ఏటా ముప్పై లక్షల మందికి పైగా వచ్చే ద్వీపంలో, ఒక ఎకరం తోట ఇచ్చే ఆదాయాన్ని నాలుగు గదుల విడిది ఒక్క సీజన్‌లో మించిపోగలదు. బుట్ట అల్లడం తెలిసిన చేతులు వయసు మీరుతున్నాయి. యువకులకు హోటల్ పని సులువుగా దొరుకుతుంది. దీనికి తోడు వానలు మరింత తగ్గి, 2023, 2024 సంవత్సరాల్లో పంట తీవ్రంగా దెబ్బతింది. 2025 ఫిబ్రవరిలో రోజుల తరబడి భూమి కంపించినప్పుడు వేలాది మంది ద్వీపం వదిలి వెళ్లారు, అధికారులు అత్యవసర పరిస్థితి ప్రకటించారు. అది కత్తిరింపులు, బుట్టల అల్లిక సాగే కాలం.

హైదరాబాద్‌కు ఈ అనుభవం కొత్త కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో ఇక్కడికి వచ్చి పేరు తెచ్చుకున్న అనాబ్-ఎ-షాహి ద్రాక్ష ఒకప్పుడు నగర శివార్లలో పందిళ్ల నిండా కాసేది. ఆ పందిళ్లలో చాలావాటి స్థానంలో నేడు కాలనీలున్నాయి. అది వైన్ ద్రాక్ష కాదు, తినే పండు. అయినా నేల ధర పండు ధరను మించిన తీరు మాత్రం ఒకటే.

శాంటోరిని రైతులకు ఉన్న ఒక బలం 1947లో ఏర్పడిన సహకార సంఘాల సమాఖ్య. చిన్న చిన్న కమతాల వారి పంటను అది కొని సొంతంగా వైన్ చేస్తుంది. ప్రైవేటు తయారీదారులు కూడా పోటీపడి కొనడంతోనే ద్రాక్ష ధర ఈ స్థాయికి చేరింది. ఆ ధర నిలబడాలంటే సీసా దగ్గర దాన్ని చెల్లించేవారు ఉండాలి.

భారత్‌కు తిరిగివచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా రెండు లీటర్ల వరకు మద్యం తెచ్చుకోవచ్చు. అంటే మామూలు సీసాలు రెండు, విన్‌సాంటో చిన్న సీసా ఒకటి. వాటిని చేతిసంచిలో కాక, బట్టల మధ్య చుట్టి విమానంలో అప్పగించే పెట్టెలో ఉంచాలి. ఇంటికి చేరాక తెల్ల వైన్‌ను ఫ్రిజ్‌లో గడ్డకట్టేంత చల్లబరచకూడదు, పది పన్నెండు డిగ్రీలు చాలు. అంతకంటే చల్లబడితే ఆ ఉప్పుగాలి, ఆ రాతి వాసన రెండూ నాలుకకు అందవు.